నాలుగు వందల పోగులు తక్కువ

నా నవలని సినిమా తీస్తామంటూ వచ్చినవాళ్ళు, తెచ్చిన కాజాల పెట్టె సగం కాకముందే మూడు మార్పులు చెప్పారు. ఊరి పేరు పెడన అంటే బయటివాళ్ళకి తెలియదు కాబట్టి తీసేద్దామన్నారు. కథానాయికకి ముప్ఫై ఆరేళ్ళు ఎక్కువ, ఇరవై ఆరు చేద్దామన్నారు. మూడోది డైరెక్టరు హర్షవర్ధన్ చెప్పాడు. పడుగు కోసేది మొగుడు కాదట, ఆవిడేనట.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో కాజా ఉంది కాబట్టి వెంటనే ఏమీ అనలేకపోయాను.

నేను గన్నవరం దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఇరవై ఏడేళ్ళుగా పిల్లల వ్యాసాల్లో తప్పులు దిద్దుతున్నదాన్ని, ఎదుటివాళ్ళు తప్పు మాట్లాడితే ఊరుకోవడం నాకు చేతకాదు. జన్మకి రాసింది ఒక్కటే నవల, పేరు ‘రెండు వేల పోగులు’. మగ్గం మీద పొడుగునా బిగించి కట్టిన దారాలని పడుగు అంటారు. నూలు షావుకారుది, నేత మాది. అందుకని పడుగుకి ఏదన్నా అయిందంటే ఇంటిల్లిపాదికీ గుండె ఆగినంత పని. నా నవల్లో ఒక నేతగాడు తాగొచ్చి ఆ పడుగుని అడ్డంగా కోసి పారేస్తాడు. అతని పెళ్ళాం పల్లెత్తు మాట అనకుండా, నేసేవాళ్ళు కాళ్ళు దించుకునే మగ్గం గుంటలో కూర్చుని, రెండు రోజుల పాటు తెగిన పోగుకి పోగు అతికి, మళ్ళీ నేత మొదలుపెడుతుంది. ఆ రెండు రోజుల కోసమే నేను ఆ నవలంతా రాశాను.

ఆవిడ మా అమ్మ, సుబ్బరత్నం. ఆ తాగినవాడు మా నాన్న, అంకమ్మరావు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పెడనలో మా ఇంట్లో జరిగిన సంగతి అది. తెల్లారి లేచేసరికి నాన్న కత్తెర పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అమ్మ గుంటలో కూర్చుని పోగులు అతుకుతోంది. వీధివాళ్ళు పోగై అడిగితే, రాత్రి తాగొచ్చి కోసేశానని నాన్నే తన నోటితో చెప్పాడు. నేను విన్నాను. ఆ మాట ముప్ఫై ఐదేళ్ళు కడుపులో పెట్టుకుని, చివరికి పుస్తకంలో పెట్టాను.

పుస్తకం వచ్చినప్పుడు నాన్న బతికే ఉన్నాడు. నాలుగు రోజుల్లో మొత్తం చదివాడు. భయం భయంగా ఎలా ఉందని అడిగాను. “బాగా రాశావమ్మా” అన్నాడు. తర్వాత, “లెక్కొక్కటి తప్పు. అప్పుడు మగ్గం మీదున్నది రెండు వేలు కాదు, రెండు వేల నాలుగొందలు. నాలుగొందల పోగులు తక్కువేశావు” అన్నాడు. పుస్తకం పేరులోనే తప్పు పట్టాడని నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది. విజయవాడలో సభ పెట్టినప్పుడు, ఆ తాగుబోతు పాత్ర నిజజీవితంలోదేనా అని ఎవరో అడిగారు. నిజజీవితంలోదే, నా కళ్ళతో చూసిందే అని మైకులో చెప్పాను. నాన్న రెండో వరసలో కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. ఆ మరుసటేడు పోయాడు.

ఇదంతా తెలిసి కూడా ఊరుకోవాలంటే ఎలా? కాజా పక్కన పెట్టేసి హర్షవర్ధన్‌కి మర్యాదగానే చెప్పాను, మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పడుగు కొయ్యరని. పోగు తెగితే కళ్ళకద్దుకుని అతికే మనుషులని.

అతనికి ముప్ఫై ఒకటో ముప్ఫై రెండో ఉంటాయి. గుడివాడ వైపు రైతు కుటుంబం, మగ్గం అంటే ఎగ్జిబిషన్లో తప్ప చూసినవాడు కాదు. తల వంచుకుని, పుస్తకం తిరగేస్తూ, “చదువుతుంటే నాకెందుకో ఆవిడే కోసిందనిపించింది మేడం. ఆ రెండు రోజులూ ఆవిడ తప్పు చేసినవాళ్ళు కూర్చున్నట్టు కూర్చుంటుంది” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. రాసినదాన్ని నేను, చూసినదాన్ని నేను, ఈయనకి అనిపించిందట.

అక్కణ్ణుంచి ఎనిమిది నెలలు నాకు మనశ్శాంతి లేదు. మా మీటింగులన్నీ ఆటోనగర్లో, నిర్మాత వెంకటకృష్ణారావు గారి షెడ్డులో జరిగేవి. ఆయన లారీలకి బాడీలు కట్టే వ్యాపారం చేస్తాడు. ఒకవైపు వెల్డింగు నిప్పురవ్వలు రాలుతుంటే ఇంకోవైపు నేను గొంతు చించుకుని నేతమ్మ మనసు గురించి చెబుతుండేదాన్ని. ఆయన ఓపిగ్గా విని, “పడుగంటే బండికి ఛాసిస్ లాంటిదన్నమాట. ఛాసిస్సే కోసేసింది అంటే జనం కుర్చీల్లోంచి లేస్తారండీ. కోయించండి” అనేవాడు. ఆయనతో వాదించి లాభం లేదని మొదటి నెలలోనే తెలిసింది. అయినా ప్రతి శనివారం వెళ్ళి వాదించేదాన్ని.

స్క్రిప్టు ఏడుసార్లు మారింది. ఒకసారి అత్తగారిని పెట్టారు, మళ్ళీ తీసేశారు. ఒకసారి ప్రకాశం బ్యారేజీ మీద పాట వచ్చింది. ఇంకోసారి షావుకారు కొడుకుతో తగువొచ్చింది. నేను పిల్లల నోటుబుక్కుల్లో పెట్టినట్టే ఎర్రసిరాతో సున్నాలు చుట్టి పంపితే, అవన్నీ బాగా గమనించామని హర్షవర్ధన్ వాట్సాప్‌లో దణ్ణం బొమ్మ పెట్టేవాడు. తర్వాతి స్క్రిప్టులో అవన్నీ అలాగే ఉండేవి. ఏదైనా ఒదులుకుంటాను గానీ పడుగు సంగతి ఒదలనని మాత్రం తెగేసి చెప్పాను. మా అమ్మ చేసిన ఒకే ఒక్క గొప్ప పని అది. దాన్ని తీసుకెళ్ళి కోపంతో మగ్గం నాశనం చేసిన ఆడదానిలా చూపిస్తే, రేపు పెడన వీధిలో ఆవిడ తలెత్తుకోగలదా?

చివరికి ఆ సీను తీస్తే టైటిల్స్‌లో నా పేరు ఉండకూడదని ఒక ఉత్తరం రాసి బ్యాగులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. పేరు పోతే వాళ్ళకి నష్టమే, పుస్తకం పేరు చెప్పుకునే కదా ఊరంతా తిరుగుతున్నారు.

మగ్గం దగ్గర ఇంకో తంటా వచ్చింది. ఆటోనగర్ మేస్త్రీలు ఎవరో ఫోటో చూసి ఇనుప పైపులతో మగ్గం వెల్డింగ్ చేసేశారు, దానికి నీలం రంగు కూడా వేశారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. తిట్టుకుంటూ పెడన వెళ్ళి, తమ్ముడి ఇంట్లో అటక మీదున్న పాత మగ్గం వ్యానెక్కించి, దానితో పాటు అమ్మని తీసుకొచ్చాను. డెబ్భై ఆరేళ్ళ మనిషి షెడ్డు గచ్చు పగలగొట్టించి గుంట తవ్వించింది, ఎనిమిది రోజులు దగ్గరుండి మగ్గం నిలబెట్టింది, పడుగెక్కించింది. సినిమావాళ్ళందరూ ఆవిడ చుట్టూ “మామ్మగారూ, మామ్మగారూ” అని తిరిగారు. కథేమిటని అడిగితే ఒక నేతామె కథ అని మాత్రం చెప్పాను. అమ్మకి చదువు రాదు. నా పుస్తకంలో తన సంగతి ఎంత ఉందో ఆవిడకి తెలుసో తెలియదో నేనెప్పుడూ తేల్చుకోలేదు. అడగడానికి మొహమాటం, చెప్పడానికి సిగ్గు.

ఎనిమిది నెలల్లో నేను నోరు మెదపకుండా కూర్చున్నది ఒక్క రోజే, మొగుడు తాగొచ్చే సీను తీసినప్పుడు. అది నా నవల్లో ఎలా ఉందో అలాగే ఉంది, నా మాటలే. ఆ రోజు అమ్మ మోకాళ్ళ నొప్పులని మా ఇంట్లోనే ఉంది. హైదరాబాదు నుంచి వచ్చిన నటుడు గుమ్మం పట్టుకుని తూలుతుంటే నాకు నాన్నే గుర్తొచ్చాడు. తువ్వాలు మాత్రం సరిగ్గా లేదు. నాన్న దాన్ని ఎడమ భుజం మీద మడతపెట్టి వేసుకునేవాడు. నేనే లేచి వెళ్ళి అలా వేయించాను. హర్షవర్ధన్ చాలా సంతోషించాడు.

ఆ సీను తీసిన మూడో రోజు పడుగు సీను. పొద్దున్నే అగరొత్తులు వెలిగించి కొబ్బరికాయ కొట్టారు. నేను ఉత్తరం చేతిలో పట్టుకుని వెళ్ళి అరగంట సేపు పోట్లాడాను. హర్షవర్ధన్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేనట్టుంది. షాటు అయ్యాక మాట్లాడుకుందామని, అప్పటికీ నాకు నచ్చకపోతే ఆ ఉత్తరం తీసుకుంటానని బతిమాలాడు. అమ్మ ఒక పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఇది చూడొద్దు, బయటికి వెళ్దాం రమ్మన్నాను. మగ్గాన్ని వీళ్ళ చేతుల్లో వదిలేసి ఎక్కడికొస్తానంది.

భానుశ్రీ అనే పిల్ల కథానాయిక వేషం వేసింది. చెడ్డపిల్ల కాదు, నాలుగు రోజులు అమ్మ దగ్గర కూర్చుని, అడ్డదారం లాగే నాడె విసరడం నేర్చుకుంది. కత్తెర తీసుకుని మగ్గం ముందు నిలబడి కాసేపు ఊరికే చూసింది. తర్వాత కోసింది. బిగించి ఉన్న దారాలు కదా, కత్తెర పడగానే ఒక్కో గుంపూ విసురుగా వెనక్కి పోయింది. అయిదో కోతకి మొత్తం తెగిపోయి, రెండు వైపులా వేలాడాయి. నేను అమ్మ వైపు చూశాను. కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది, చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని. పాపం ఎంత బాధపడిందో అనుకున్నాను.

భోజనాలన్నారు. తెగిన పోగులు అలాగే వేలాడుతుండాలని, మధ్యాహ్నం ఇంకో వైపు నుంచి తీస్తామని, ఎవరూ ముట్టుకోవద్దని హర్షవర్ధన్ అందరికీ గట్టిగా చెప్పి వెళ్ళాడు. నాకు అన్నం సయించలేదు. బయట సగం కట్టిన లారీ నీడలో కూర్చుని, ఉత్తరానికి ఇంకో రెండు వాక్యాలు కలిపాను. గంటన్నర గడిచి ఉంటుంది, అసిస్టెంటు ఒకతను పరిగెత్తుకుంటూ వచ్చి, “మేడం, మీ అమ్మగారు మొత్తం పాడు చేశారండీ, మీరొకసారి రండి” అన్నాడు.

అమ్మ గుంటలో కూర్చుని ఉంది. పొద్దున పూజ దగ్గర రాలిన అగరొత్తుల బూడిద ఒక విస్తరాకు ముక్కలో పోసుకుంది. వేళ్ళు జారకుండా కాస్త బూడిద రాసుకోవడం, అటు పోగు ఇటు పోగు పట్టుకుని మెలివెయ్యడం, వదలడం. పావు వంతు పడుగు అప్పటికే అతికేసింది. లైట్లవాళ్ళు, కెమెరావాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారు. హర్షవర్ధన్ తల పట్టుకుని నా వైపొచ్చి, సాయంత్రంలోగా ఈ షాటు కాకపోతే భానుశ్రీ వెళ్ళిపోతుందని, దయచేసి మీరే చెప్పండని అన్నాడు.

నేను గుంట పక్కన గొంతుకూర్చుని, అవి తెగినట్టే ఉండాలని, ఇదంతా ఉత్తుత్తిదేనని చెప్పాను.

“తెల్సే” అంది తలెత్తకుండా. “చెయ్యి ఊరుకోలా. తెగిన పడుగు కళ్ళెదురుగా పెట్టుకుని అన్నం ఎట్టా తింటాం.”

నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. ఇది వీళ్ళ పైత్యమని, నేను రాసింది ఇది కాదని, నిన్నిలా చూపించొద్దని ఎనిమిది నెలల్నుంచి నెత్తీ నోరూ కొట్టుకుంటున్నానని గబగబా చెప్పేశాను. అమ్మ చేతులు ఆగలేదు గానీ నా మొహం కేసి చూసింది.

“నీకెవరు చెప్పారే? మీ నాన్న పోయే ముందు చెప్పాడా?”

“ఏమని?”

“కోసింది నేనని.”

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా అమ్మ ఆగలేదు కూడా, వేళ్ళు తమ పని తాము చేసుకుంటుంటే మామూలుగా చెప్పుకుపోయింది. నేను నాలుగో తరగతి చదువుతున్నానట. బడి మానిపించి, నాడెలో పెట్టే దారం కండెలు చుట్టడానికి ఇంట్లో కూర్చోబెడదామన్నాడట నాన్న. ఆయన్ని అనడానికి లేదంది అమ్మ, వీధిలో ఆడపిల్లలందరూ చేసేది అదే. నాలుగు రోజులు పోట్లాడిందట. అయిదో రోజు తెల్లారుజామున కత్తెర తీసుకుందట.

“మగ్గమే లేకపోతే కండెలెవరికి చుడతావులే అనుకున్నా. కోసేశాక తెలిసింది ఏం చేశానో. మీ నాన్న లేచొచ్చి చూశాడు. ఒక్క మాటనలా. నా చేతిలో కత్తెర లాక్కుని, పోయి గుమ్మంలో కూర్చున్నాడు.”

“మరి తాగొచ్చానని...”

“మగాడు తాగి కోశాడంటే షావుకారు నాలుగు తిట్టి ఒదిలేస్తాడు. ఆడది తెలివిలో ఉండి కోసిందంటే ఆ ఇంటికి మళ్ళా నూలు పొయ్యరు. అందుకని అట్టా చెప్పాడు. ఆయన జన్మలో ఒక్క చుక్క ముట్టి ఎరగడు.” ఒక పోగు మెలివేసి వదిలింది. “బడి మాట మళ్ళా ఎత్తలేదు. సోమారం ఆయనే నిన్ను బళ్ళో దించొచ్చాడు, గుర్తులేదా?”

గుర్తుంది. ఆ సోమవారం నా నవల్లో కూడా ఉంది. తాగి చేసిన పనికి సిగ్గుపడి, ఆ రోజుతో తాగుడు మానేసి, ఊరి కళ్ళు తప్పించుకోవడానికి బిడ్డ చెయ్యి పట్టుకుని నడిచినట్టు రాశాను. ఆ పేరా బాగుందని చాలామంది ఫోన్లు చేసి మెచ్చుకున్నారు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. చిన్నప్పుడు చెప్తే వీధిలో అనేస్తానని చెప్పలేదట. “పెద్దయ్యాక నువ్వు అడిగిందెప్పుడు? అంతా చూసినట్టే ఉండేదానివి” అంది. తప్పు పట్టినట్టు కూడా అనలేదు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, “పుస్తకంలో కూడా నేను కోసినట్టేగా రాశావు?” అని అడిగింది.

అబద్ధం చెబుదామనుకున్నాను.

“నాన్న కోసినట్టు రాశానమ్మా.”

చేతులు అప్పుడు ఆగాయి. “తాగినట్టు కూడానా?”

తలూపాను. అమ్మ వేళ్ళకున్న బూడిద చూసుకుంది. “మధ్యానాలు చదివి వినిపించేవాడే నాకు. ఆ కాడికొచ్చేసరికి ఇదంతా నీకు తెల్సిందేలే అని పేజీలు తిప్పేశాడు” అంది. మళ్ళీ పోగు అందుకుంది.

నాన్న నా పుస్తకం అక్షరం అక్షరం చదివాడు. తనని తాగుబోతుని చేసిన ఆ పద్దెనిమిది పేజీలూ చదివాడు. చదివి, నాలుగు వందల పోగులు తక్కువయ్యాయని మాత్రం చెప్పాడు. పిల్లల వ్యాసాల్లో ఒత్తులు దిద్దే నేను ఆ సభలో మైకు పట్టుకుని, నా కళ్ళతో చూశానన్నాను. రెండో వరసలోంచి ఆయన కొట్టిన చప్పట్లు తల్చుకుంటే నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపించింది.

లేచి బయటికొచ్చాను. హర్షవర్ధన్ నా వెనకే వచ్చాడు. నా మొహం చూసి ఉత్తరం ఇవ్వడానికే వచ్చాననుకున్నట్టున్నాడు. ముందే క్షమించమని, కావాలంటే ఈ సీను నేను రాసినట్టే మొగుడు కోసినట్టు మళ్ళీ తీస్తానని, నిర్మాతతో తానే మాట్లాడుకుంటానని అన్నాడు. ఎనిమిది నెలలు నేను అడిగింది అదే. ఉత్తరం నాలుగు ముక్కలు చేసి బ్యాగులో పడేశాను.

కోత సీను అలాగే ఉంచమన్నాను. ఆవిడే కోస్తుంది, అది నిజమేనన్నాను. లోపల ఆ మామ్మగారు చేస్తున్నది కూడా తియ్యమన్నాను. అతను నమ్మలేనట్టు చూశాడు.

“మొన్న తీసిన తాగుడు సీను మాత్రం తీసెయ్యండి బాబూ. అది అబద్ధం. ఆయన తాగడు. పిల్లని బడి మానిపిస్తానంటాడు, అంతే. అందుకని ఆవిడ కోస్తుంది.”

ఆ నటుడు హైదరాబాదు వెళ్ళిపోయాడని, ఇంకో సినిమాకి గెడ్డం తీసేశాడని, మళ్ళీ తీయడం జరిగే పని కాదని హర్షవర్ధన్ మెల్లగా చెప్పాడు. ఆ సీను తీసేస్తే సినిమాకి మొదలే ఉండదన్నాడు. నేను వినిపించుకోకుండా తీసెయ్యండి, తీసెయ్యండి అంటూనే ఉన్నాను. చివరికి అతనికీ విసుగొచ్చింది.

“ప్రతిదీ మార్చేశానని మీరు నన్ను ఎనిమిది నెలల్నుంచి తిడుతున్నారు మేడం. ఆ ఒక్క సీనే మీరు రాసింది రాసినట్టు తీశాను, ఒక్క ముక్క మార్చలేదు” అన్నాడు. “ఆ తువ్వాలు కూడా మీరే కదండీ సరిచేయించింది.”